రహస్యమును కాయువాడెవడు?



కరువు వచ్చినప్పుడెల్ల మన అనంతపురము పల్లెలనుండి మగవారు బెంగుళూరుకు కూలికి పోవుట పాత సంగతియే. వారు వ్రాయించిన ఉత్తరము ఇంటికి చేరినప్పుడు, చదువురాని తల్లి దానిని ఉపదేశియొద్దకు తీసికొనిపోయెడిది. ఆయన చదివి వినిపించెడివాడు. ఏ ఇంటికి ఎంత అప్పున్నదో, ఏ కుమారుడు త్రాగుడులో పడెనో, ఏ బిడ్డకు ఏ జబ్బు వచ్చెనో ఆయనకు తెలియును. మంచి ఉపదేశి ఆ మాటలను తన భార్యతోనైనను చెప్పెడివాడు కాడు. ఆ ఉత్తరములకు తాళము లేదు. ఆయన నోరే తాళము.

ఇప్పుడు ఆ మాటలన్నియు ఫోనులో పోవుచున్నవి. కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో పడుచున్నది. రేషను బియ్యమునకు వ్రేలిముద్ర వేయుచున్నాము. ఆసుపత్రి చీటీలు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. వీటిని కాయుచున్నది మనుష్యుని నోరు కాదు, ఒక కష్టమైన లెక్క. అమరావతి క్వాంటం కంప్యూటరునుగూర్చి పత్రికలలో చదివిన మన యౌవనస్థులు, ‘అది ఆ లెక్కను విప్పి మన రహస్యములన్నిటిని బయటపెట్టునట, నిజమేనా?’ అని మమ్మును అడుగుచున్నారు. ఇది పల్లెవారికి సంబంధించని ప్రశ్న అని త్రోసివేయరాదు.

మొదట తాళము సంగతి చూతము. 13ను 17తో హెచ్చించిన 221 వచ్చునని బడిపిల్లవాడు చెప్పును. అయితే 221ని ఇచ్చి, ‘ఏ రెండు సంఖ్యలను హెచ్చించిన ఇది వచ్చినది?’ అని అడిగిన యెడల కొంతసేపు వెదకవలెను. ఒక్కొక్కటి సుమారు 300 అంకెలుగల రెండు సంఖ్యలను హెచ్చించినచో, వాటిని తిరిగి విడదీయుట నేటి కంప్యూటర్లకు శక్యము కాదు. 1977లో రివెస్ట్, షామిర్, ఆడల్మన్ అను ముగ్గురు ఈ కష్టమునే తాళముగా చేసిరి. వారి పేళ్లనుబట్టి దానిని ఆర్.ఎస్.ఏ. అందురు.

1994లో పీటర్ షోర్ అను గణితజ్ఞుడు, క్వాంటం యంత్రము పెద్దదిగా తయారైన యెడల ఆ విడదీయు లెక్కను త్వరగా చేయగలదని చూపెను. ఎట్లనగా, బుక్కరాయసముద్రము చెరువులో రెండు రాళ్లు వేసి చూడుడి. అలలు కలిసినప్పుడు కొన్నిచోట్ల నీరు ఎత్తుగా లేచును, కొన్నిచోట్ల ఒక అల రెండవదానిని అణచివేయును. ఆ యంత్రములోని క్యూబిట్లు కూడ ఈలాగు నడుచుకొనునట్లు చేసి, తప్పు జవాబులు అణగిపోవుటకును సరియైన జవాబు పైకి లేచుటకును మార్గము కట్టుదురు. అన్ని తాళములును దీనికి లోబడవు. ఇటువంటి లెక్కలమీద నిలిచినవి మాత్రము లోబడును.

అయితే ఇప్పుడే భయపడనక్కరలేదు. 2025 మే నెలలో అమరావతికి ప్రకటించిన ఐ.బి.ఎం. యంత్రములోనిది 156 క్యూబిట్ల ప్రాసెసరు. 2,048 బిట్ల ఆర్.ఎస్.ఏ. తాళమును తెరచుటకు 2 కోట్ల క్యూబిట్లు కావలెనని 2019లో క్రెయిగ్ గిడ్నీయు మార్టిన్ ఎకెరోయును లెక్కవేసిరి. 156 ఎక్కడ, 2 కోట్లు ఎక్కడ! అయినను ఆ గిడ్నీయే 2025లో, 10 లక్షలకు లోపు చాలునని మరల లెక్కకట్టెను. ఆరేండ్లలో కొండ ఎంత తగ్గెనో చూచితిరా? అందుచేతనే అమెరికా ప్రమాణముల సంస్థ 2024 ఆగస్టులో క్రొత్త తాళములకు మొదటి మూడు ప్రమాణములను వెలువరించెను.

తాళము మార్చినంత మాత్రమున పని ముగియదు. తెరువలేని ఉత్తరములను నేడే దొంగిలించి దాచుకొని, యంత్రము వచ్చిన దినమున తెరువవచ్చును. నేటి ఓటీపీ రేపటికి ఎందుకును పనికిరాదు. అయితే ఒక ఆడపిల్ల ఆసుపత్రి చీటీ ఇరువది యేండ్ల తరువాతను ఆమెను బాధింపగలదు. హిజ్కియా రాజు బబులోను దూతలకు తన ఇంటనున్న సమస్తమును చూపెను. అదంతయు ఒక దినమున బబులోనునకు పోవునని యెషయా చెప్పినప్పుడు, తన దినములలో సమాధానమే ఉండునుగదా అని రాజు తృప్తిపడెను (యెషయా 39). మా విచారము ఇక్కడనే. మనము నేడు నిర్లక్ష్యముగా ఇచ్చివేయుదానికి వెల చెల్లించువారు మన బిడ్డలు కావచ్చును.

కృత్రిమ మేధయు క్వాంటం యంత్రమును ఒకటి కావు. అయితే రెండును ఒక చోట కలియును. పూర్వము దొంగకు లక్ష ఉత్తరములు దొరికినను చదువుటకు ఓపిక చాలదు. ఇప్పుడు కృత్రిమ మేధ వాటిని కొద్ది కాలములోనే చదివి, ఎవడు అప్పులో ఉన్నాడో, ఎవరు రోగియో ఏరి చెప్పగలదు. దాని ఊహ తప్పైనను, అది నమ్మినవాడు ఒక పేదవానికి అప్పు నిరాకరింపవచ్చును.

‘దాచుటకేమియు లేనివానికి భయమేల? మరుగైనదేదియు బయలుపడక మానదని ప్రభువే చెప్పెనుగదా’ అని కొందరందురు. నిజమే (లూకా 12). అయితే బయలుపరచు అధికారము దేవునిది. పొరుగువాని తలుపు పగులగొట్టుమని మనకిచ్చిన సెలవు కాదది. మరియను అవమానపరచనొల్లని యోసేపు సంగతిని రహస్యముగానే తీర్చుకొనగోరెను. వాక్యము అతని నీతిమంతుడనెను (మత్తయి 1). తప్పును కప్పు రహస్యమొకటి, బలహీనుని కప్పు రహస్యమొకటి. మొదటిది ఒప్పుకొనదగినది; రెండవది కాపాడదగినది.

గనుక సంఘపెద్దలారా, పొదుపు సంఘపు లెక్కలు వ్రాయు అక్కలారా, ఒక మనవి. ఎవరైనను వ్రేలిముద్రయో ఆధారు ప్రతియో అడిగినప్పుడు, ఎందుకని ముందు అడుగుడి. ఒకని జబ్బును, ఒక ఇంటి కలహమును ప్రార్థన మనవియని పేరుపెట్టి వాట్సాపులో పంపకుడి. ఆ ఇంటివారి సెలవు లేనిదే పంపుట ప్రార్థన కాదు. పని తీరిన కాగితమును చింపివేయుడి. వ్రాయనక్కరలేనిదానిని అసలే వ్రాయకుడి. ఎన్ని క్యూబిట్లు వచ్చినను, ఎక్కడను వ్రాయబడని మాటను తెరువగల యంత్రము లేదు.

ఆ ఉపదేశి నోటికి తాళము వేసినది లెక్క కాదు, ఆ తల్లి తనను నమ్మినదను జ్ఞానము. ఆ నమ్మకమునకు మనము తగినవారమా అని ఈ నెల మనలను మనమే పరీక్షించుకొందము.