ఊరి కథయు నాప్తవాక్యమును

మనము నివసించు నూరిని మన మెఱుఁగుదుమా? అంగళ్లు తెలియును, బస్సు లెక్కడ నిలుచునో తెలియును, చుట్టములు వచ్చినప్పుడు చూపవలసిన కట్టడములు నాలుగు తెలియును. హైదరాబాదువారికి అవి చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు మ్యూజియము. వీనిని చూపి పంపినచో ఊరంతయుఁ జూపినట్లే తలఁతురు. కాని యూరనఁగాఁ గట్టించినవారి పేళ్ల పట్టిక కాదు. అందు బ్రతికినవారి కథయు, చచ్చినవారి కథయుఁ గూడ. ఆ కథను తెలిసికొనుట వేడుకయా, ధర్మమా యనునదే యిచట విచార్యము.

వీథు లెఱిఁగిన స్థానికుఁ డొకఁడు ముందు నడువ, పదుగురు వెంట నడచుచు పూర్వకథలను వినుట యిప్పుడు నగరములలో వాడుకయైనది. దీనిని హెరిటేజి వాకు అందురు. సుల్తాను బజారు మొదలు అఫ్జల్‌గంజి వఱకుఁ గల చిన్నదారిని దృష్టాంతముగాఁ గొందము.

మొదటఁ గనఁబడునది శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము. ఉర్దూ రాజభాషగా నున్న సంస్థానమున, 1901లో రావిచెట్టు రంగారావుగారు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు దీనిని నెలకొల్పిరి. తెలుఁగు పుస్తకము చేతఁబట్టుటయే యొక సంకల్పముగా నుండిన కాలమది. నేఁడు దాని ముందునుండి పోవు వేలమందిలో తల యెత్తి చూచువా రెందఱు?

కొంత దూరము నడచిన కోఠీ రెసిడెన్సీ. దీని ఠీవిని, దీనిని గట్టించిన కిర్క్‌పాట్రిక్ దొర ప్రణయమును కథలుగాఁ జెప్పుట కలదు. 1857 జూలై 17న తుఱ్ఱేబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకులుగా జనులు దీనిపైఁ బడిన సంగతి యంతగాఁ బ్రచారములో లేదు. ఆ యెత్తికోలు విఫలమయ్యెను. ఖాను చంపఁబడెను, మౌల్వీ అండమానులకుఁ బంపఁబడి యచ్చటనే కాలము చేసెను. వారు గెలువలేని యా భవనమునకు 1949లో స్త్రీల కళాశాల వచ్చినది. పరాయి ప్రభుత్వపు ప్రతినిధి కొలువు తీరిన చోట మన యాడుబిడ్డలు చదివి పట్టములు పొందిరి. ఈ రెండు సంగతులను గలిపి చెప్పువాఁడు లేనియెడల చూపరికి మిగులునది స్తంభముల యెత్తు మాత్రమే.

దారి చివర ఉస్మానియా ఆస్పత్రి యావరణమున నొక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని బలిగొన్నప్పుడు దీని కొమ్మల నాశ్రయించి నూటయేఁబది మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ ఆ వఱదలోనే తల్లిని, భార్యను, కూఁతును గోలుపోయెను. ఆయన కవి గనుక ఆయన దుఃఖము నిలిచినది. కొమ్మను బట్టుకొన్నవారి పేళ్లను, పట్టు దప్పినవారి పేళ్లను ఏ శిలయందు వెదకుదుము?

ఇచట నొక సందేహము పుట్టును. వీథిలో నడచుచుఁ జెప్పు మాట ప్రమాణ మగునా? శాసనము కాదు, గ్రంథము కాదు గదా యని విద్యావంతులు పెదవి విఱుతురు. మన నైయాయికులు దీనికిఁ జక్కని సమాధాన మిచ్చియున్నారు. ఉన్నదానిని స్వయముగా నెఱిఁగి, ఎఱిఁగినది యెఱిఁగినట్లు చెప్పఁగోరువాఁడు ఆప్తుఁడు. ఈ లక్షణము ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమని వాత్స్యాయనభాష్యము చెప్పుచున్నది. కులమును, పట్టమును ఆప్తత్వమునకుఁ గారణములుగాఁ జెప్పలేదు. కావున ముప్పదియేండ్లుగా నా వీథిలో తోఁపుడుబండి పెట్టుకొన్నవానికి ఆ వీథి విషయమున ఆప్తుఁడగు నధికారము కలదు. వానిని వినకుండుట పాండిత్యము గాదు, అహంకారము.

అయితే యధికారము వెంట బాధ్యతయు వచ్చును. భాగమతి కథ వినువారికి మిక్కిలి యింపు. చరిత్రకారు లందఱు దాని నంగీకరింపరు. వినువారి ముఖములు వికసించుటకై దానిని నిశ్చయముగాఁ జెప్పువాఁడు ఆప్తుఁడు గాఁడు. దాని నసలే చెప్పకుండుటయు న్యాయము గాదు. జనులు తరతరములుగా నేమి నమ్మిరో తెలియుటయు చరిత్రయే. “చెట్టు కన్నులయెదుట నున్నది, వఱద వ్రాఁతలలో నున్నది, నూటయేఁబది యను సంఖ్య జనశ్రుతి” అని మూఁటిని విడఁదీసి చెప్పఁగలవాఁడు గురువు. అట్లు విడఁదీసినంతమాత్రమున కథ సొంపు తగ్గదు, నమ్మిక పెరుగును.

మఱియొక యాక్షేపణ దీనికంటె బరువైనది. బ్రతుకు బరువుతో నున్నవారి నడుమ వేడుకకై తిరుగుట సభ్యతయా యని కొందఱందురు. చింతచెట్టు ఆస్పత్రిలోనిది, ఆస్పత్రికి వచ్చువారు నొప్పితో వచ్చువారు. నూఱేండ్లనాఁటి దుఃఖమునకుఁ గన్నీరు పెట్టి, ప్రక్కనున్న రోగి బంధువును ఛాయాచిత్రమున కడ్డము తొలఁగు మనువాఁడు కథను వినలేదనియే చెప్పవలెను. గతమునెడ దయ వర్తమానమునెడ మర్యాదగా మాఱనిచో నది దయ గాదు, వినోదము.

విన్నందులకు ఫలము వర్తనమున నుండవలెను. 1908 వఱదను పెద్దలు కేవలము దుఃఖింపలేదు. ఎగువ చెఱువులు తెగుట విపత్తును బెంచెనని తెలిసికొని, విశ్వేశ్వరయ్యగారి యాలోచనపై జలాశయములు గట్టిరి. ఉస్మాన్‌సాగరము 1920లో, హిమాయత్‌సాగరము 1927లో పూర్తియయ్యెను. అది స్మృతి కార్యమైన తీరు. తరువాతివారము చెఱువుగట్టుల నాక్రమించి, నాలాలపై నిండ్లు గట్టితిమి. 2020 అక్టోబరు వానలలో నగరపు చెఱువులు తెగి జనులు చనిపోయిరి. చెట్టు చెప్పిన కథను ఊరు మఱచిన ఫల మిది గాదా?

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మనవారు మూఁడు ఋణములు చెప్పిరి. వంశముతోడనే పితృత్వము ముగియదు. మనము త్రాగు నీటికి, చదువు పుస్తకమునకు, నడచు వంతెనకుఁ గారకులైన పేరులేని వారందఱు మనకుఁ బితరులే. వారి ఋణము తిలోదకములతోఁ దీఱదు. వారి కథను నిజముగాఁ జెప్పవలెను, నిజముగా వినవలెను, వారు మునిఁగినచోట మరల మఱియొకఁడు మునుఁగకుండఁ జూడవలెను. ఇందుకై యొక యుదయము కాలినడకను వెచ్చించుట వేడుక గాదు. గృహస్థధర్మములో నొక భాగము. పిల్లలను వెంటఁ గొనిపోవుట మఱియు మంచిది.