రథం దిగిన రథికుడు

కురుక్షేత్రంలో పద్నాలుగో రోజు. పొద్దు గుంకేలోగా సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసి ఉన్నాడు. గుర్రాలు మాత్రం అలసిపోయాయి, ఒంటి నిండా బాణాలు దిగాయి. అర్జునుడు రథం దిగి శత్రువుల్ని నిలవరిస్తూనే, బాణంతో నేల చీల్చి మడుగు పుట్టించాడు, బాణాలతోనే చుట్టూ శాల కట్టాడు. కృష్ణుడు గుర్రాల్ని విప్పి లోపలికి తోలుకెళ్లాడు. దిగిన బాణాల్ని తన చేత్తో లాగాడు. ఒళ్లు రుద్దాడు, నేల మీద పొర్లనిచ్చాడు, నీళ్లు తాగించి మళ్లీ రథానికి కట్టాడు. గీత చెప్పిన కృష్ణుడికి అందరం మొక్కుతాం. నాకు గుర్రాలకు నీళ్లు పట్టిన కృష్ణుడు ఇంకా దగ్గరగా అనిపిస్తాడు.

అమెరికాలోని మట్టి రేస్ ట్రాకుల గురించి తెలుసుకున్నకొద్దీ నాకు ఈ ఘట్టమే గుర్తొస్తోంది. ఒహాయో రాష్ట్రంలో రాస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర ఎల్డోరా స్పీడ్‌వే ఉంది. అర మైలు చుట్టుకొలత, ఏటవాలు మలుపులు, బంకమట్టి నేల. 1954లో ఎర్ల్ బాల్టెస్ దాన్ని మొదలుపెట్టాడు. 2004లో రేసరు టోనీ స్టీవర్ట్ కొన్నాడు. చిన్నప్పుడే గోకార్టు ఎక్కిన మనిషి. 1995లో ఒకే ఏడాది మూడు జాతీయ టైటిళ్లు గెలిచాడు. అమెరికా స్టాక్ కార్ రేసుల్లో ఇచ్చే నాస్కార్ కప్పు 2002, 2005, 2011లో అతనిదే. 2016తో ఆ కప్పు రేసుల నుంచి తప్పుకున్నాడు. యజమానినని గదిలో కూర్చోకుండా, ట్రాక్ మట్టిని సిద్ధం చేసే పనిలో తానే దిగుతాడు. 2013లో ఎల్డోరాలో నాస్కార్ ట్రక్కుల రేసు జరిగింది. నాస్కార్ జాతీయ స్థాయి రేసు మట్టి మీద జరగడం 1970 తర్వాత అదే మొదటిసారి.

పేరున్నవాడు కాబట్టి స్టీవర్ట్ సంగతి మనకు తెలిసింది. పేరు తెలియని పాత రేసర్లు అక్కడి ఊరూరి ట్రాకుల్లో ఉంటారు. ఒకరు జెండా ఊపుతారు, ఒకరు కార్లు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూస్తారు, ఒకరు నీళ్ల ట్యాంకరు నడుపుతారు.

ఆ నీళ్ల పని చిన్నదేమీ కాదు. రేసుకు ముందే మట్టిని లోతుగా తడపాలి, దున్నాలి, గ్రేడరుతో చదును చేయాలి, రోలరుతో తొక్కించాలి. ఆఖరున కార్లనే నెమ్మదిగా తిప్పించి మట్టిని గట్టిపరుస్తారు. నీళ్లు ఎక్కువైతే బురద, తక్కువైతే దుమ్ము. సాయంత్రం తడిగా ఉన్న నేల చక్రాన్ని పట్టుకుంటుంది. రేసులు సాగేకొద్దీ తడి ఆరి నేల నున్నబడి జారుతుంది, వదులు మట్టి వెలుపలి అంచుకు చేరి గట్టులా పేరుకుంటుంది. గుండె ధైర్యం ఉన్న డ్రైవరు వెనక చక్రాన్ని ఆ గట్టుకు ఆనించి దూసుకుపోతాడు. ఏ మలుపులో ఎంత తడి నిలవాలో, ఏ వేళకు ఆరిపోతుందో ట్యాంకరు మీద కూర్చున్న పాత రేసరుకు ఒంటితో తెలుసు. తన రోజుల్లో ఎక్కడ జారాడో, ఎక్కడ గోడకు కొట్టుకున్నాడో ఆ జ్ఞానమంతా ఇప్పుడు ఇంకొకరి చక్రాల కింద పరుస్తాడు. నేల బాగుంటే చప్పట్లు గెలిచినవాడికి. దుమ్ము లేస్తే తిట్లు ఇతనికి.

ఇంకో పని ఉంది, అది నన్ను మరీ కదిలిస్తుంది. ఈ మట్టి ట్రాకుల మీద పరుగెత్తే స్ప్రింట్ కార్లకు స్టార్టరు ఉండదు. వెనక నుంచి ఒక ట్రక్కు నెడితేనే ఇంజను అందుకుంటుంది. అందుకున్న క్షణాన ట్రక్కు పక్కకు తప్పుకోవాలి. ఒకనాడు తనే ఆ కారులో కూర్చున్న మనిషి ఈ ట్రక్కు స్టీరింగు పడితే, ఆ క్షణంలో అతని లోపల ఏం జరుగుతుంది? ఇంజను గర్జన అదే, మట్టి వాసన అదే. రేసు మానేసి ఇంట్లో కూర్చోవడం దీనికంటే సులువు. కోరిక పుట్టే చోటుకు దూరంగా ఉన్నవాడి వైరాగ్యానికి పరీక్ష ఎక్కడిది? రోజూ అక్కడే నిలబడి, ఇష్టాన్ని అలాగే ఉంచుకుని, సీటు మీద హక్కు ఒక్కటే వదులుకోవడాన్ని నేను సాధన అంటాను. ధర్మరాజు రాజసూయంలో బ్రాహ్మణుల కాళ్లు కడిగే పని కృష్ణుడే చేశాడని భారతం చెబుతుంది. అగ్రపూజ అందుకున్నదీ ఆ యాగంలోనే.

అయితే సీటు దిగిన ప్రతివాడూ కృష్ణుడు కాలేడు. మద్రరాజు శల్యుడూ సారథే, కర్ణుడికి. రాజునైన నేను సూతపుత్రుడికి రథం తోలాలా అని మండిపడ్డాడు. కృష్ణుడికంటే గొప్పవాడివని దుర్యోధనుడు పొగిడాక ఒప్పుకున్నాడు. నోటికి వచ్చినట్టు మాట్లాడతానని షరతు పెట్టాడు. కర్ణుడి తేజస్సు తగ్గిస్తానని ధర్మరాజుకు అంతకుముందే మాట ఇచ్చి ఉన్నాడు, దారి పొడవునా అదే చేశాడు. పక్కకు తప్పుకున్న పెద్దల్లో ఈ శల్యుడు ఎక్కువ కనిపిస్తాడు. మా రోజుల్లో ఇలా కాదంటూ కొత్తవాడి చేతిలోని స్టీరింగును మాటలతో లాగేస్తుంటాడు. అతని నైపుణ్యంలో లోటు లేదు, శల్యుడికీ గుర్రాల విద్య బాగా వచ్చు. తనది కాని గెలుపును ఓర్చుకోవడమే చేతకాలేదు.

పదిహేడో రోజు ఇద్దరు సారథుల రథాలూ మట్టిలో దిగబడ్డాయి. కర్ణుడు వదిలిన సర్పముఖ బాణం అర్జునుడి మెడకు తగలకుండా కృష్ణుడు పాదాలతో రథాన్ని నేలలోకి తొక్కాడు, గుర్రాలు మోకాళ్ల మీద కూలాయి, బాణం కిరీటాన్ని మాత్రమే ఎగరగొట్టింది. తర్వాత ఆ రథాన్ని తన చేతులతో పైకెత్తింది కూడా కృష్ణుడే. కాసేపటికి కర్ణుడి రథచక్రం కుంగింది. దాన్ని ఎత్తడానికి, సారథి ఉండగానే, కర్ణుడు తనే కిందికి దిగాడు.