దాటి రమ్మన్న పిలుపు

పిఠాపురంలో ఉప్పాడ రోడ్డు మీద రైలు గేటు పడితే జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. మొన్న నా పక్కన ఖాళీ చేపల గంపతో నిలబడ్డ ముసలమ్మ గూడ్సు పెట్టెలు చూస్తూ, ‘దాటేదాకా ఓపిక పట్టాలి నాయనా’ అంది. ఆ వారమంతా నేను చదువుతున్నదీ ఆ మాటే.

సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన సంస్థానం మా ఊరిది. మాటకు అర్థం వెతకడం మాకు కొత్త కాదు. కొత్త నిబంధన గ్రీకులో ‘దియబైనో’ అనే క్రియ ఉంది. ‘దియ’ అంటే గుండా, ‘బైనో’ అంటే అడుగు వేయడం. మధ్యలో ఉన్నదాన్ని తొక్కుకుంటూ అవతలికి చేరడమన్నమాట. డయాబెటిస్ పేరూ ఇందులోంచే పుట్టింది. తాగిన నీళ్లు ఒంట్లో నిలవకుండా వెళ్లిపోతాయని అలా పిలిచారు.

ఈ క్రియ కొత్త నిబంధనలో వచ్చేది మూడు చోట్లే. హెబ్రీ పత్రిక 11:29లో ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రంలో నడిచి దాటారు. వెంటపడ్డ ఐగుప్తీయులు మునిగిపోయారు.

లూకా 16:26 నన్ను కుదురుగా ఉండనివ్వదు. చనిపోయాక ధనవంతుడికీ, అతని వాకిట పడి ఉన్న బిచ్చగాడు లాజరుకూ మధ్య ఎవరూ దాటలేని అగాధం. బతికున్నప్పుడు వాళ్ల మధ్య ఉన్నది ఒక్క వాకిలి. కుక్కలు వచ్చి లాజరు కురుపులు నాకాయి. లోపల రోజూ విందు చేసుకునే మనిషి మాత్రం ఆ గడప దాటి రాలేదు. అగాధం తవ్వడం అక్కడే మొదలైందని నా నమ్మకం.

మూడోది అపొస్తలుల కార్యములు 16:9. త్రోయలో రాత్రివేళ పౌలుకు దర్శనంలో ఒక మాసిదోనియ మనిషి కనబడి, దాటి వచ్చి సాయం చేయమన్నాడు. తెలుగు బైబిల్లో ఇక్కడ ‘వచ్చి’ అనే ఉంది. నడుమనున్న సముద్రం ఆ మాటలో కనబడదు.

మన తీరం నుంచీ అలాంటి పిలుపే వెళ్లింది. థామస్ గాబ్రియేల్ తంతి శాఖలో ఉద్యోగం వదిలి కాకినాడ చుట్టుపక్కల సువార్త చెప్పాడు. అప్పులపాలయ్యాడు, అయినా పని మానలేదు. కెనడా బాప్టిస్టులను సాయం అడిగాడు. 1874 మార్చిలో జాన్ మెక్‌లారిన్ దంపతులు కాకినాడ చేరారు. ఏడాది తిరగకముందే గాబ్రియేల్ కన్నుమూశాడు. తర్వాతి కాలంలో ఆ మిషన్ వాళ్లే పిఠాపురంలో ఆస్పత్రి పెట్టారు. దాని వరండాలో జబ్బుమనుషులు వరసగా కూర్చునే నాటికి, పిలిచినవాడు లేడు.

మాసిదోనియ మనిషి పేరు అపొస్తలుల కార్యములు రాసిన లూకా చెప్పలేదు. మనవాడి పేరు మనకు తెలుసు.