జాక్ కొడుకులు కాని జాక్సన్లు

మధ్యయుగపు ఇంగ్లండులో ఊరికి పదిమంది విలియంలు ఉంటే, వాళ్లలో ఒకణ్ణి వేరుచేసి చెప్పడానికి ఇరుగుపొరుగువారికి దొరికిన తేలికైన దారి తండ్రి పేరు. జాక్ కొడుకు విలియం కాబట్టి విలియం జాక్సన్. జాక్ అంటే జాన్‌కు ముద్దుపేరు. ఇలా 'సన్' చేర్చే అలవాటు ఉత్తరాది జిల్లాల్లో ఎక్కువ. ఆ విలియంకు రాబర్ట్ పుడితే, అతడు రాబర్ట్ విలియమ్సన్ అయ్యేవాడు. తరం మారగానే పేరూ మారేది కనుక, అది చెప్పే మాట ఎప్పుడూ నిజంగానే ఉండేది. ఐస్‌లాండులో ఇప్పటికీ చాలావరకు ఇదే పద్ధతి.

ఇంగ్లండులో మాత్రం ఆ కదలిక క్రమంగా ఆగిపోయింది. ఆస్తి తండ్రి నుంచి కొడుకుకు దఖలు పడాలి, పన్ను ఎవరు కట్టారో చిట్టాకెక్కాలి. 1377, 1379, 1381 సంవత్సరాల తలపన్ను జాబితాల్లో ఇలాంటి పేర్లు బారులు తీరి కనిపిస్తాయి. 1538లో రాజు మంత్రి థామస్ క్రాంవెల్ ఆజ్ఞతో ప్రతి చర్చీ జ్ఞానస్నానాలకూ పెళ్లిళ్లకూ ఖననాలకూ పుస్తకం పెట్టాల్సి వచ్చింది. ఎక్కడో ఒక జాక్సన్ కొడుకు కూడా జాక్సన్‌గానే మిగిలిపోయాడు. ఆ ఉత్తరాది జాబితాల్లోనే 'కూతురు' అని ముగిసే పేర్లూ ఉన్నాయి. అవి వంశాలుగా నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఇక్కడ మనం ఒక లెక్క చూద్దాం. పది తరాలు వెనక్కి వెళితే ప్రతి మనిషికీ ఆ మెట్టు మీద 1,024 స్థానాల్లో పూర్వికులుంటారు. ఇంటిపేరు వాళ్లలో ఒక్కరిని గుర్తుంచుకుని, మిగతా 1,023 మందిని వదిలేస్తుంది. కాబట్టి ఆ పేరును 'మా రక్తం' అనడం లెక్కకు నిలిచే మాట కాదు. అయినా అందుకోసం మనుషులు గర్వపడ్డారు, తగవులాడారు, ప్రాణాలు కూడా ఇచ్చారు. లెక్కకు నిలవనిది మనసుకు ఎలా నిలుస్తోంది?

అమెరికా ఏడో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను చూద్దాం. 1767లో అతడు పుట్టడానికి కొద్ది వారాల ముందే తండ్రి చనిపోయాడు. కని పెంచిన తల్లి ఎలిజబెత్ హచిన్సన్ అనే పేరుతో పుట్టింది. ఆ పేరూ ఎవరో ఒక హ్యూ కొడుకని చెప్పేదే. అంటే, చూడని తండ్రి పేరు అతనికి మిగిలింది, పెంచిన తల్లి పేరు మిగలలేదు. అతనికి కన్నబిడ్డలు లేరు. భార్య రేచల్ సోదరుడి కొడుకును దత్తత తీసుకుని ఆండ్రూ జాక్సన్ జూనియర్ అని పేరు పెట్టుకున్నాడు. కన్నవారి ఇంటిపేరు డోనెల్సన్ అయిన ఆ బిడ్డ జాక్సన్ అయ్యాడు. వంశం నిలిచిందని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు కనుకనే నిలిచింది.

అయితే బంధానికి ఆధారం రక్తం కాదు, అంగీకారం అందామా? వినడానికి బాగుంది. కానీ ఆ అధ్యక్షుడికే నాష్‌విల్ దగ్గర హర్మిటేజ్ అనే పత్తితోట ఉండేది. 1845లో అతడు చనిపోయేనాటికి అతని యాజమాన్యంలో సుమారు 150 మంది బానిసలున్నారు. 1850, 1860 జనగణనల బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, ఒంటి రంగు రాసేవారు. చాలావరకు మనిషి పేరే రాయలేదు. విముక్తి తర్వాత, 1870 జనగణనలో వాళ్లు మొదటిసారి పేరూ ఇంటిపేరూ ఉన్న మనుషులుగా కనిపిస్తారు. కొందరు చివరి యజమాని పేరును కాదని, తమ తాతముత్తాతలను మొదట కట్టేసిన పాత యజమాని పేరు పట్టుకున్నారు. యజమాని మీది భక్తితో కాదు; చెల్లాచెదురైన తమవాళ్లను వెతుక్కునే ఆనవాలు అదొక్కటే కనుక.

హర్మిటేజ్‌లోనే బానిసగా బతికిన ఆల్ఫ్రెడ్ జాక్సన్ విముక్తి తర్వాత కూడా అక్కడే ఉండి, వచ్చినవారికి ఇల్లు చూపించాడు. 1901లో చనిపోతే యజమాని సమాధికి దగ్గరలోనే పూడ్చారు. దీన్ని విధేయత అన్నవాళ్లున్నారు. ఆ పేరును అతడు ఒప్పుకున్నాడా, భరించాడా, తనదని దక్కించుకున్నాడా? కాదనే దారి లేని చోట అంగీకారం అన్న మాటకు ఎంత విలువ? అందుచేత ముందు చెప్పుకున్న సూత్రానికి ఒక షరతు చేర్చాలి: అంగీకారం బంధాన్ని నిలబెట్టాలంటే నిరాకరించే స్వేచ్ఛ కూడా ఉండాలి.

అలాగని పేరు మోసినవాళ్లంతా ఆ పేరు చేసిన పాపాలకు జవాబుదారులు కారు. కస్తూరివారి ఇంట్లో గబ్బిలాల కంపు ఉండొచ్చని మన సామెత ఏనాడో హెచ్చరించింది, తిరగేసినా నిజమే. చెరోకీలనూ మరికొన్ని ఆదివాసీ జాతులనూ స్వస్థలాల నుంచి తరిమిన 1830 చట్టం మీద సంతకం చేసినవాడు ఆండ్రూ జాక్సన్. ఆ నేరం ఈనాటి జాక్సన్ల మీద పడదు. కానీ పేరుతో వచ్చే గౌరవాన్ని మాత్రం కోరి, చరిత్రను కాదనడం అంతరాత్మకు ఎలా సరిపోతుంది? వారసత్వం కావాలనుకున్నవారు దాని అప్పులను కనీసం చదవాలి కదా.

1941లో దక్షిణ కరొలైనాలో హెలెన్ బర్న్స్ అనే యువతికి ఒక కొడుకు పుట్టాడు. కన్నతండ్రి పేరు నోవా రాబిన్సన్. తల్లి తర్వాత చార్లెస్ జాక్సన్‌ను పెళ్లాడింది, ఆయన ఆ అబ్బాయిని దత్తత తీసుకున్నాడు. అతడే జెస్సీ జాక్సన్. ఆండ్రూ జాక్సన్ కూర్చున్న పదవికి 1984లోనూ 1988లోనూ డెమోక్రటిక్ పార్టీ తరఫున అభ్యర్థిత్వం కోరాడు. తలపన్ను జాబితా రాసిన గుమాస్తా లెక్కన అతడు రాబిన్సన్. దత్తత తీసుకున్న మనిషి లెక్కన జాక్సన్. మనం ఏ లెక్కను తండ్రితనం అంటామన్నది చరిత్ర తీర్చే విషయం కాదు.