ఏ చెయ్యి చంపింది?



1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లని ఎనిమిదిమందిని చంపేశారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చంపారో రుజువు కాలేదంది.

"అయితే వాళ్లని ఎవరూ చంపలేదా?" అని మీరడుగుతారు. అడగాల్సిందే. కానీ అనుమానం ఉంటే శిక్ష వేయకూడదన్న సూత్రాన్ని మాత్రం తిట్టకండి. రేపు దొంగకేసులో ఇరికించిన మన పిల్లవాడికి అదే దిక్కు.

మరి ఏ దెబ్బకి ప్రాణం పోయిందో తేలాలా? అక్కర్లేదు. పాత శిక్షాస్మృతి 149వ సెక్షన్ ప్రకారం, చంపాలని గుమిగూడిన గుంపులో ఉన్నవాడు తాను కొట్టకపోయినా హత్యకి బాధ్యుడే. ఉన్నాడని మాత్రం రుజువు కావాలి. హైకోర్టులో కేసు నిలబడనిది అక్కడే.

బుద్ధుడు చేతననే కర్మ అన్నాడు. చంపించినవాడికీ పాణాతిపాతం అంటుతుంది. కోర్టు పట్టుకోలేని మనిషిని కూడా ధమ్మం అడుగుతుంది: ఆ రోజు నీ మనసులో ఏముంది? అలాగని కర్మే చూసుకుంటుందిలే అని కూర్చోమని బాబాసాహెబ్ చెప్పలేదు. మీ ఊళ్లో ఏదైనా జరిగితే, చూసింది చూసినట్టు ఆ రోజే రాయించండి. సాక్షిని ఒంటరిగా కోర్టుకి పంపకండి. చుండూరులో మొదటి తీర్పు రావడానికే 16 ఏళ్లు పట్టింది.