మధ్య అరలో ఓడ

బీరువా చేయించుకోవడంలో ధర్మసందేహం ఏముంటుందండీ అని మీరు నవ్వుకోవచ్చు. చేయించకముందు నేనూ అలాగే అనుకున్నాను.

మా అత్తగారు రంగూన్‌లో పుట్టారు. 1962లో అక్కడ సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964లో అంగళ్ళన్నీ ప్రభుత్వపరం చేసేసింది. తరతరాలుగా అక్కడ బతికిన తెలుగువాళ్ళు ఉన్నదంతా వదులుకుని ఓడలెక్కారు. అలా పధ్నాలుగేళ్ళ వయసులో విశాఖపట్నం చేరిన ఆవిడకి మిగిలిన ఆస్తి చేతికున్న జేడ్ గాజు ఒక్కటే. రేవులో తీయించబోతే మణికట్టు దాటి రాలేదట. రెండేళ్ళ క్రితం మావయ్యగారు పోయినప్పుడు, ఎవరో పెద్దావిడ ఆచారమంటూ ఆ గాజు తీసెయ్యమంది. "రేవులో రానిది ఇప్పుడొస్తుందా?" అని మా అత్తగారు చెయ్యి కొంగులో దాచుకున్నారు. ఇంకెవరూ మాట్లాడలేదు.

మావయ్యగారు సరుకు ఓడల్లో ఇంజనీరు. పెళ్ళయిన కొత్తలో ఆ గాజు కథ విన్నప్పటినుంచీ సింగపూరు వెళ్ళినా, హాంకాంగ్ వెళ్ళినా ఒక జేడ్ వస్తువు తేవడం అలవాటు చేసుకున్నారు. మనం పచ్చ అంటే మరకతం. ఇది ఆ పచ్చ కాదు, వేరే రాయి. మేలైన ఆకుపచ్చ జేడ్‌కి బర్మా ఉత్తరాన ఉన్న కచిన్ ప్రాంతమే పుట్టిల్లు. ఏనుగు, బుద్ధుడు, క్యాబేజీ, వెలుతురు అవతలికి కనబడేటంత పల్చటి గిన్నె, ఇలా మొత్తం పదిహేడు. అన్నీ పాత పంచెల ముక్కల్లో చుట్టుకుని ట్రంకుపెట్టెలో ఉండేవి. "ఇంత అందమైనవి చీకట్లో ఎందుకత్తయ్యా?" అని బీరువా మాట ఎత్తింది నేనే.

కొట్లో చూసిన బీరువాకి వెనక అద్దం ఉంది. ఒక్కొక్క బొమ్మా రెండుగా కనిపిస్తోంది. నాకు తెగ నచ్చేసింది. అత్తయ్య మాత్రం, "ఉన్నవి చాలవటమ్మా?" అన్నారు. అంతే, అద్దం ఆశ వదులుకుని వడ్రంగి మేస్త్రిని పిలిచాను. టేకు చట్రం, అడుగు లోతు, ఎనిమిది మిల్లీమీటర్ల గాజు పలకలు, వెనక గోధుమరంగు నూలుగుడ్డ. జేడ్ వెనక ఆకుపచ్చ గుడ్డ వేస్తే రాయి రంగు చచ్చిపోతుంది. గిన్నెలాంటి పల్చటివాటికి వెనకనుంచి వెలుగు కావాలి, ఏనుగులాంటి మందపువాటికి పక్కనుంచి. వేడెక్కని చిన్న దీపాలు పెట్టించాను. బరువైనవి కింద, తేలికవి పైన. అత్తయ్య గాజు కోసం గుండ్రని చెక్కపీట కూడా ఒకటి చేయించాను. ఆవిడ దాన్ని చూసి, "చేతికున్నదాన్ని అద్దంలో పెడితే చెయ్యేం చేస్తుందమ్మా?" అన్నారు. పీట అలాగే ఉండిపోయింది.

ఎలా సర్దాలో తెలుసుకుందామని హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ గది చూసివచ్చాను. మూడో సాలార్‌జంగ్ పెళ్ళి చేసుకోలేదు. 1949లో ఆయన పోయాక, ఆయన సేకరించినవన్నీ 1951లో దివాన్ దేవిడీలో ప్రజల కోసం తెరిచారు. 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు. షాజహాన్ విల్లు లాగేటప్పుడు బొటనవేలికి పెట్టుకునే ఉంగరం ఆ సేకరణలోదే. జహంగీరుదీ, నూర్జహానుదీ అని చెప్పే బాకులూ అందులోవే. ప్రతి వస్తువు దగ్గరా చిన్న చీటీ, అది ఏమిటో, ఎవరిదో చెబుతూ. నాకా చీటీలు బాగా నచ్చాయి. ఇంటికొచ్చి అట్టముక్కలు కత్తిరించి నేనూ రాశాను: 'జేడ్ ఏనుగు, సింగపూరు', 'జేడ్ ఓడ, హాంకాంగ్, 1996'.

ఆ ఓడ గురించి చెప్పాలి. తెరచాపలూ, గొలుసులూ అన్నీ ఒకే రాతిలో చెక్కిన అడుగెత్తు ఓడ. వాళ్ళ పాతికేళ్ళ పెళ్ళిరోజుకి మావయ్యగారు కొన్నది. "మూడు నెలలు సిగరెట్టు మానేశారు, అంగడివాడితో రెండు రోజులు బేరమాడారు" అని ప్రతి పెళ్ళిరోజునా అత్తయ్య చెప్పేవారు. ఆయన పోయాక కూడా చెప్పారు. బీరువా మధ్య అరలో దానికి తప్ప ఇంకెవరికి స్థానం?

వస్తువులకి బీమా చేయిద్దామని మా వారు రత్నాలు పరీక్షించే ఆయన్ని పిలుచుకొచ్చారు. అత్తయ్య గుడికి వెళ్ళిన వేళ. ఆయన చిన్నవాటిని గాలిలోనూ, నీళ్ళలోనూ తూచాడు. ఓడని తిరగేసి, అడుగున కనబడనిచోట చాకుమొనతో సన్నగా గీశాడు. గీత పడింది. "జేడ్ మీద మామూలు చాకు గీత పడదమ్మా. ఇది సర్పెంటైన్. మెత్తరాయి. ఇలాంటి ఓడల్ని జేడ్ అని అమ్మడం మామూలే" అన్నాడు. పదిహేడింటిలో అయిదు జేడ్ కావు. వాటిలో ఇదొకటి.

ఆయన వెళ్ళాక నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఓడని తీసి కింది అరలో, ఏనుగు వెనక పెట్టాను. మధ్యలో గిన్నె పెట్టాను. అత్తయ్య వచ్చి, "ఓడ ఏదమ్మా?" అన్నారు. "బరువుకి గాజుపలక వంగుతోందత్తయ్యా" అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఓడని ఎందుకు దించాను? సత్యం మీద గౌరవమా? కాదు. ఎవరైనా తెలిసినవాళ్ళు వచ్చి, "ఇది నకిలీ కదూ" అంటారేమోనని భయం. అయితే మధ్యలోనే ఉంచి 'జేడ్ ఓడ' అన్న చీటీ అలాగే వదిలెయ్యనా? మా వారి సలహా అదే. "జేడ్ అన్న పేరుతో రెండు వేరువేరు రాళ్ళు చెలామణీ అవుతున్నాయని 1863లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త తేల్చేదాకా ఎవరికీ తెలియదు. అంతకుముందు వాళ్ళంతా అబద్ధాలకోరులేనా?" అని ఆయన వాదన. కాదు. తెలియక అన్నమాట అబద్ధం కాదు. తెలిశాక అన్నది మాత్రం అబద్ధమే. మనకి ఇష్టమైనవాళ్ళ గురించి చెప్పినా అబద్ధమే. చైనావాళ్ళ పాత గ్రంథం 'లీ జీ'లో కన్ఫ్యూషియస్ జేడ్‌ని సజ్జనుడి గుణాలతో పోల్చాడని ఉంది. తన లోపాన్ని తాను దాచుకోకపోవడం వాటిలో ఒకటి. జేడ్ కోసం బీరువా చేయించి, అందులో జేడ్‌కున్న గుణమే లేకుండా చేస్తున్నాను నేను!

కాని ఇంకో ప్రశ్న ఉంది. డెబ్భై అయిదేళ్ళ మనిషికి ఈ నిజం చెప్పి నేను బాగుచేసేదేమిటి? నా మనసు తేలికపడుతుంది. ఆ బరువు ఆవిడ మీద పడుతుంది. ఎంతోమంది నిజం చెప్పేది ఇందుకే కదా, బరువు దించుకోవడానికి. అయినా మళ్ళీ అనిపించింది. ఆవిడ వస్తువు గురించి ఆవిడ ఇంట్లో, ఆవిడకి తప్ప అందరికీ తెలిసిన సంగతి ఒకటుండటం ఆవిడకేం మర్యాద? పసిపిల్లల దగ్గర దాచినట్టు దాస్తున్నామన్నమాట.

మర్నాడు కాఫీ ఇచ్చి చెప్పేశాను. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ చల్లారిపోయింది. చివరికి, "అమ్మినవాడు ఆయన్ని మోసం చేశాడు. ఆయన నన్ను చెయ్యలేదుగా" అన్నారు. కాసేపాగి, "ఉన్నమాట రాసెయ్. మధ్యలోనే పెట్టు" అన్నారు.

ఇప్పుడు చీటీ మీద 'ఓడ. సర్పెంటైన్ రాయి. హాంకాంగ్, 1996. మావయ్యగారు తెచ్చినది' అని ఉంది. మిగతా నాలుగింటి చీటీలూ మార్చేశాను. వచ్చినవాళ్ళు చదివి, "అయ్యో, డూప్లికేటా!" అంటూనే ఉన్నారు. అన్నప్పుడల్లా నా మొహం కాస్త వేడెక్కుతూనే ఉంది. అబద్ధం చెప్పనవసరం లేకపోవడం హాయి అంటారు గాని, అంత హాయేం కాదు సుమండీ.

ఈమధ్య పెళ్ళిరోజు వచ్చింది. పొద్దుటినుంచీ ఎదురుచూశాను. అత్తయ్య ఓడ కథ ఎత్తలేదు. సాయంత్రం ఉండబట్టలేక నేనే, "మావయ్యగారి బేరం సంగతి చెప్పరూ" అన్నాను. ఆవిడ తాళం తీసి, ఓడని ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో తెరచాపలు తుడుస్తూ చెప్పారు. మూడు నెలలు సిగరెట్టు మానడమూ, రెండు రోజుల బేరమూ అన్నీ ఉన్నాయి. కాకపోతే ఇదివరకటి కథలో మావయ్యగారు గెలిచేవారు. "పిచ్చి మహారాజు, గెలిచాననే అనుకున్నారు" అని అత్తయ్య నవ్వారు. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నారు. ఓడని పట్టుకున్న చేతికి ఆ గాజు అలాగే ఉంది.

పాత కథని ఆవిడ దగ్గర లాక్కున్నానా, కొత్తది ఇచ్చానా? బీరువా తలుపు వేస్తున్నప్పుడల్లా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మీరైతే ఏం చేసేవారు?