మరల మరల కాలిపోవు ఫ్యూజు

ధ్యాన భాగము: యెహోషువ 7వ అధ్యాయము



కారును గూర్చి ధ్యానమేమిటని మీలో కొందరు అనుకొనవచ్చును. మన ప్రభువు విత్తనమును గూర్చియు, వలను గూర్చియు, పిండిని పులియజేయు పులుపును గూర్చియు మాటలాడెను. వినువారి చేతులకు తెలిసిన పనులనే ఆయన ఎత్తుకొనెను. మన దినములలో కారు సయితము మన చేతులకు తెలిసిన వస్తువైనది. పెనుకొండ యొద్ద ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారము 2019లో పని ఆరంభించినది మొదలు మన ప్రాంతమున కార్ల మాట ఇంటి మాటయే. అయితే మనము చెప్పబోవునది క్రొత్త కారును గూర్చి కాదు. గాండ్లపెంట చుట్టుపట్ల పల్లెలలో పెండ్లికిని, ఆసుపత్రికిని, వేరుసెనగ మూటలకును ఒక్కటే దిక్కైన పాత పెట్రోలు కారును గూర్చి.

అట్టి కారు ఒకటి ఉన్నదనుకొందము. ఒక రాత్రి ఇంటి బిడ్డకు నొప్పులు వచ్చినవి. తల్లి, మేనత్త, ఆ బిడ్డ, ముగ్గురును వెనుక సీటులో కూర్చుండిరి. తాళము త్రిప్పగా స్టార్టరు తిరుగుచున్నది గాని ఇంజను అందుకొనదు. పెట్రోలున్నది, బ్యాటరీ బాగుగానున్నది. అందరును దిగిరి. ఫ్యూజుల పెట్టె తెరచి సెల్‌ఫోను వెలుగులో చూడగా పెట్రోలు పంపునకు పోవు ఫ్యూజు తెగియుండెను. క్రొత్తది పెట్టి, బిడ్డను ముందు సీటులో ఆనుకొనజేసి, తల్లి మాత్రము వెనుక ఒక ప్రక్కను కూర్చుండగా క్షేమముగా కదిరి చేరిరి. దేవునికి స్తోత్రము. నాలుగు దినములకు ఫ్యూజు మరల తెగెను. వారమునకు మరల తెగెను. నాలుగవసారి తెగినప్పుడు ఎవరో అనిరి: ఈ నీలి ఫ్యూజు నిలుచుటలేదు గనుక దీని స్థానములో పచ్చది పెట్టుదము, అదియును లేనియెడల సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము చుట్టుదము.

ఇక్కడ మనము ఒక నిమిషము ఆగవలెను. ఫ్యూజు ఏమిటి? అది తెలిసియే బలహీనముగా చేయబడిన సన్నని లోహపు ముక్క. తన మీద వ్రాసిన అంకెను మించి కరెంటు పారినయెడల అది కరిగి తెగి దారిని మూసివేయును. ఎడిసను 1890లో దీనికి పేటెంటు పొందెను. నేటి కారు ఫ్యూజులలో ఎఱ్ఱది 10 ఆంపియర్లది, నీలిది 15, పసుపుది 20, ఆకుపచ్చది 30. ఈ అంకె తీగ లావును బట్టి నిర్ణయింపబడినది. పంపును కాపాడుటకు ఫ్యూజు పెట్టియున్నారని చాలమంది తలంతురు. అది ముందుగా కాపాడునది తీగను. 15 ఆంపియర్లు మోయు సన్నని తీగకు 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టినయెడల ఫ్యూజునకు బదులుగా తీగయే కాలును. వెండి కాగితమునకు అంకెయే లేదు. తీగ ఎఱ్ఱగా కాగి, పైనున్న ప్లాస్టిక్కు తొడుగు కరగి, సీటు క్రింద మంట పుట్టును. ఆ సీటు మీద ఎవరు కూర్చుండియున్నారో తలంచుకొనుడి.

ఇది కార్ల సంగతి మాత్రమే కాదు. బోరు మోటారు ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావు తీగ చుట్టి, మోటారు చుట్టంతయు కాల్చుకొన్న రైతులు మన సంఘములలో లేరా? వందల అడుగుల లోతునుండి మోటారును పైకి లాగించు ఖర్చు వారికి తెలియును.

ఫ్యూజు తెగుట కోపము పుట్టించును, నిజమే. కాని అది చెడిపోయి తెగుటలేదు. తన పని తాను చేయుచు తెగుచున్నది. దేవుడు మనలో ఉంచిన మనస్సాక్షి ఇట్టిదే. అది నొచ్చినప్పుడెల్ల మనము దానిని లావు చేయజూతుము. అందరును చేయుచున్నదే గదా అనుట ఒక వెండి కాగితము. కానుక కొంచెము ఎక్కువగా వేయుదము అనుట మరియొక వెండి కాగితము. అట్లు చేయగా చేయగా అది నొచ్చుట మానును. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో వాతపెట్టబడిన మనస్సాక్షిని గూర్చి చెప్పినది ఈ స్థితినే. అప్పుడు ఇల్లంతయు నెమ్మదిగా ఉన్నట్లు కనబడును, లోపల తీగ కాగుచునేయుండును.

ఇప్పుడు మంచి మెకానిక్కు ఏమి చేయునో చూతము. అతడు సంచిలోనుండి ఫ్యూజులు తీయడు. మొదట తెగిన ఫ్యూజును వెలుగులో పట్టి చూచును. ఫ్యూజు లోపల నల్లగా మసిపట్టి చిట్లియున్నయెడల తీగ ఎక్కడనో కారు ఇనుమునకు తగిలి కరెంటు ఒక్కసారిగా పారినదని గ్రహించును. మసి లేక మధ్యను మెల్లగా కరిగియున్నయెడల పంపు అరిగి బరువెక్కి ఎక్కువ కరెంటు లాగుచున్నదేమో అనుకొనును. కారు ఇనుప శరీరమంతయు బ్యాటరీ యొక్క ఒక కొసకు కలుపబడియుండును గనుక, తొడుగు పోయిన తీగ శరీరములో ఎక్కడ తగిలినను చాలును.

పిమ్మట అతడు అడుగు ప్రశ్న మనకు ముఖ్యము. "అన్నా, ఈ ఫ్యూజు ఎప్పుడు పోతాంది?" అనును.

"నేనొక్కణ్ణే పోతే ఏం కాదప్పా. ఇంటిల్లిపాదీ ఎక్కితేనే పోతాంది," అని కారు యజమాని చెప్పును.

సగము పని ఆ జవాబుతో అయిపోయినది. అయినను అతడు ఊహ మీద ఆధారపడడు. ఫ్యూజు ఉండవలసిన చోట 12 వోల్టుల ఇండికేటరు దీపమును తగిలించును. అట్టి 21 వాట్ల దీపము రెండు ఆంపియర్లకు లోపుగానే కరెంటు పోనిచ్చును గనుక తీగకు ప్రమాదము లేదు, ఫ్యూజులు వృథా కావు. తీగ ఇనుమునకు తగిలియున్నంతసేపు దీపము నిండుగా వెలుగును. అతడు పంపు ప్లగ్గు ఊడదీసి చూచును. అప్పటికిని దీపము నిండుగా వెలుగుచుండెనేని దోషము పంపులో లేదు, దారిలోనున్నది. అటుపిమ్మట తీగల కట్టను జానెడు జానెడు కదలించుచు పోవును. వెనుక సీటును అదుముచు చూచును. ఎడమ ప్రక్కను అదిమినప్పుడెల్ల దీపము భగ్గున వెలిగెను. సీటు ఎత్తి చాప తీయగా అక్కడ ఎలుకలు కొరికిన తీగ, దాని ప్రక్కనే వేరుసెనగ పొట్టు! పంట దినములలో మూటలు ఎక్కించిరి. మూటల వెంట ఎలుకలు వచ్చినవి. మనుష్యులు కూర్చుండిన బరువునకు ఆ తీగ ఇనుమునకు తగులుచుండెను.

యెహోషువ గ్రంథములో ఇశ్రాయేలీయులకును ఇట్లే జరిగెను. యెరికో ప్రాకారములు కూలిన తరువాత హాయి అను చిన్న ఊరు వారికి లెక్కలోనికి రాలేదు. ఇంచుమించు మూడువేలమంది వెళ్లి పారిపోయి వచ్చిరి. 36 మంది చచ్చిరి. యెహోషువ బట్టలు చింపుకొని సాయంకాలము వరకు మందసము ఎదుట బోర్లపడియుండెను. ప్రభువు అతనికి ఇంకను ఎక్కువమంది సైన్యమును పంపుమని చెప్పలేదు. అతనిని లేపి, పాళెములో దాచబడినది ఒకటి ఉన్నదనియు, దానిని వెదకవలెననియు చెప్పెను. ప్రార్థన గొప్పది, అయినను వెదకవలసిన వేళ బోర్లపడియుండుటను దేవుడు మెచ్చలేదు. ఈ మాట ప్రార్థనాపరులమైన మనకు కొంచెము కష్టముగానే యుండును.

వెదకిన విధము చూడుడి. మొదట గోత్రములు రాగా యూదా గోత్రము పట్టబడెను, వంశములలో జెరహీయులు, కుటుంబములలో జబ్ది ఇల్లు, మనుష్యులలో ఆకాను. వెలుపలి వలయమునుండి లోపలి వలయమునకు, ఒక్కొక్కటిగా. తుదకు డేరా మధ్య నేలలో షీనారు పైవస్త్రమును, 200 తులముల వెండియు, 50 తులముల బంగారు కమ్మియు బయటపడెను. ఓటమి హాయి గోడల యొద్ద కనబడెను. దాని మూలము తమ డేరా క్రిందనే ఉండెను.

ఆకానునకు పట్టిన గతి చదువునప్పుడు మన గుండె బరువెక్కును. ఆ లోయలోని రాళ్లను మన చేతికి తీసుకొనుటకు మనము పిలువబడలేదు. తప్పిదములో చిక్కిన సహోదరుని మంచి దారికి తెచ్చుటను గూర్చి గలతీయులకు పౌలు వ్రాసినప్పుడు వాడిన గ్రీకు మాటయే, జెబెదయి కుమారులు దోనెలో వలలు బాగుచేసికొనుచుండిరని మార్కు వ్రాసినచోటను ఉన్నది. మెకానిక్కు కారును తగులబెట్టలేదు. బ్యాటరీ కొస విప్పి, కొరికిన మూరెడు తీగను కత్తిరించి, అంతే లావుగల మంచి తీగను అతికి, టేపు చుట్టి, పదునైన ఇనుప అంచును తాకకుండ ప్రక్కకు కట్టి, మరల ఆ నీలి ఫ్యూజునే పెట్టెను. పోవుచు, "సెనక్కాయ మూటలు ఇంక దీంట్లో ఏయొద్దన్నా, మల్లా ఎలకలొస్తాయి," అని చెప్పెను.

ఇక మన సంఘముల మాట. అన్నదమ్ముల ఇండ్లు రెండు ఉన్నవనుకొందము. క్రిస్మసుకు ముందు పెద్దలు పోయి చేతులు కలిపించుదురు. అందరమును సంతోషింతుము. ఈస్టరు నాటికి వారు మరల మాటలాడుకొనరు. పెద్దలు మరల పోవుదురు. ఇది క్రొత్త ఫ్యూజు పెట్టుట. కొన్ని యేండ్లు జరిగిన తరువాత పెద్దలు విసిగి, ఒకరిని ఉదయపు ఆరాధనకును మరియొకరిని సాయంకాలపు కూటమునకును రమ్మని యేర్పాటుచేయుదురు. ఇది వెండి కాగితము. శబ్దము లేదు గనుక సమాధానమున్నదని అనుకొందుము. యిర్మీయా తన కాలపు యాజకులమీద మోపిన నేరమిదియే.

తప్పు ఎవరిది అని మనము అడుగుచున్నంతకాలము ఇరువురును తమ న్యాయమునే చెప్పుకొందురు. ఎప్పుడు తెగుచున్నది అని అడుగుదము. ఊరికి పోయినప్పుడు వారు బాగుగనే యుందురు. పిల్లల పెండ్లిలో కలిసి వడ్డింతురు. కరెంటు బిల్లు వచ్చిన నెలలోనే, లేదా బోరు నీటి వంతు మారిన వారములోనే తగవు లేచుచున్నదా? అయితే సీటు క్రింద చూడవలసిన చోటు అదియే. తండ్రి యున్నప్పుడు బోరు వేయించిన అప్పులో ఎవరు ఎంత కట్టిరో లెక్క ఎన్నడును వ్రాయబడియుండదు. చిన్నవాడు కట్టినది పెద్దవాడు మరచిపోయియుండును. పెద్దవాడు తన భార్య నగ కుదువపెట్టిన సంగతి చిన్నవానికి ఎవరును చెప్పియుండరు. పదియేండ్లుగా ఎవరును ఎత్తని ఆ లెక్కమీద ఇరువురి బరువును పడుచున్నది.

బలిపీఠమునకు కానుక తెచ్చినవాడు, సహోదరుని మనస్సులో తనమీద ఏదైన ఉన్నదని జ్ఞాపకము వచ్చినప్పుడు, కానుకను అక్కడనే విడిచి వెళ్లవలెనని మన ప్రభువు కొండమీద చెప్పెను. గనుక మన సంఘములో ఇట్టి ఇండ్లు ఉన్నయెడల పెద్దలు రాబోవు సంస్కారపు ఆదివారము వరకు ఆగనక్కరలేదు. పగటివేళ ఒక గంట తీసుకొని, ఇరువురు అన్నదమ్ములను, వారి భార్యలను కూడ కూర్చుండబెట్టి, కాగితమును కలమును పట్టుకొని పోవుదురు గాక. బోరు వేసిన సంవత్సరమునుండి లెక్క వ్రాసి, పైకి చదివి వినిపించి, రెండు ప్రతులు తీసి, ఇంటికొకటి ఇయ్యవలెను. ఆ తరువాత చేతులు కలిపించవచ్చును.